ఏడు పావుల లోపు

భానోజీరావు చదరంగం నేర్పే పద్ధతి తల్లిదండ్రులకు మొదట్లో నచ్చేది కాదు. పిల్లల్ని చేర్పించిన రోజునే ముప్ఫై రెండు పావులూ వరసగా పేర్చి, గుర్రం ఎలా దూకుతుందో చూపిస్తాడనుకునేవారు. అతను బోర్డు మీద రెండు రాజుల్నీ ఒక బంటునీ మాత్రం పెట్టి, మిగతావన్నీ గుడ్డసంచీలో పోసి తాడు బిగించేసేవాడు.

"ఆట చివర్నించి నేర్చుకోవాలమ్మా. ఎక్కడికి చేరాలో తెలిస్తేనే కదా, ఎటు బయల్దేరాలో తెలిసేది," అనేవాడు.

పోర్టులో పాతికేళ్లు క్రేను నడిపి, నడుంనొప్పితో ముందుగానే రిటైరై, పెదవాల్తేరులో ఒక హోమియో క్లినిక్ పై అంతస్తు అద్దెకి తీసుకున్నాడు. ఆ గది గచ్చు నల్లా తెల్లా పలకలది. అందుకే దాన్ని ఎంచుకున్నాడు. కొత్తగా వచ్చిన పిల్లల్ని ఆ పలకల మీద నిలబెట్టేవాడు. ఇద్దరు రాజులు ఎదురెదురుగా, మధ్యలో ఒక్క పలక ఖాళీ. ఎత్తు ఎవరిదైతే వాళ్లు పక్కకి తప్పుకోవాలి. తప్పుకున్న సందులోంచి వెనకనున్న బంటు ముందుకు పరిగెత్తాలి. ఆఖరి పలక తొక్కితే బంటు మంత్రి అవుతుంది. "క్వీన్ సార్, క్వీన్!" అని పిల్లలు దిద్దేవారు. ఏమన్నా ఫరవాలేదనేవాడు.

బంటుగా నిలబడడానికి ఎప్పుడూ నూకేష్ ముందుండేవాడు. పెదజాలరిపేటలో పడవ నడిపే ఎల్లాజీ కొడుకు, పదకొండేళ్లవాడు. బోర్డు మీద పావులన్నీ పోయి ఒంటరి రాజు మిగిలినా వాడు ఆట వదిలేవాడు కాదు. "ఇంకా ఉంది సార్!" అంటూ ఆ రాజుని మూల నుంచి మూలకి పరిగెత్తించేవాడు. ఎదుటివాళ్లు విసిగిపోయి ఏదో పొరపాటు చేసేవారు, ఆట డ్రా అయిపోయేది. నూకేష్ బల్ల మీద గుద్ది కేకలు పెడుతుంటే భానోజీకి నవ్వాగేది కాదు. అతని కూతురు ధృతికి మాత్రం ఒళ్లు మండేది. ఆ పొరపాటు చేసేది ఎక్కువగా తనే మరి. అప్పుడు దానికి పదేళ్లు.

ఆ రోజుల్లోనే వారిజ వచ్చింది.

"మాస్టారూ, గుర్తుపట్టారా?" అంది గుమ్మంలో నిలబడి. ముప్ఫయ్యేళ్ల క్రితం పోర్టు క్వార్టర్స్‌లో భానోజీ దగ్గర చదరంగం నేర్చుకున్న మొదటి పిల్ల ఆమె. ఇప్పుడు డాక్టర్ వారిజ. రుషికొండ మీద కొత్తగా కట్టిన ఒక పరిశోధనశాలలో మెదడు మీద పనిచేస్తోంది.

"మీ పిల్లలు కావాలి నాకు," అంది కాఫీ తాగుతూ. "ఆటంతా అక్కర్లేదు. ఆఖరి భాగం చాలు. బోర్డు మీద ఏడు పావుల లోపు ఉన్నప్పుడు ప్రతి స్థితికీ కంప్యూటర్ల దగ్గర జవాబుంది కదా. గెలుపో, ఓటమో, డ్రావో. ఊహ కాదు, తేలిపోయిన నిజం. మెదడుకి ఒక పాఠం సూటిగా నేర్పొచ్చా అని చూడాలంటే అంత కచ్చితమైన జవాబులుండాలి. ఇంకెక్కడ దొరుకుతాయి మాస్టారూ?"

"నేర్పి?"

"చదువు ఎక్కని పిల్లలుంటారు. ఏడాదిలో వచ్చేది వాళ్లకి నెలలో వస్తుంది. అది చాలదా?"

భానోజీ ఆ మాటకే లొంగిపోయాడు. చదువు ఎక్కని పిల్లాడిగానే పెరిగాడతను. పదకొండుమంది పిల్లల తల్లిదండ్రులతో తనే మాట్లాడాడు. ఎవరైనా వెనకాడితే, "ముందు మా అమ్మాయినే కూర్చోబెడుతున్నాను కదండీ," అన్నాడు.

మెదడుని చదవడానికి వారిజ తెచ్చిన పట్టీ మెత్తగా, రెండు చెవుల వెనక అతుక్కునేలా ఉండేది. ధృతి తెర ముందు కూర్చుంది. తెర మీద ఒక స్థితి వచ్చింది. తెల్ల రాజు, అంచున తెల్ల బంటు, మూలన నల్ల రాజు. ధృతి నోరు తెరవకముందే దాని మనసు ఎటు మొగ్గిందో పట్టీకి తెలిసిపోయేది. మొగ్గు సరైనదైతే లోపల ఎక్కడో చిన్న మీట నొక్కినట్టు ఒక హాయి పుట్టించేది. తప్పైతే ఏమీ లేదు. వెంటనే ఇంకో స్థితి. రోజుకి నలభై నిమిషాలు, వందలకొద్దీ స్థితులు.

"ఎలా ఉంది తల్లీ?" అని అడిగాడు భానోజీ మొదటి రోజు.

"డ్రా అనుకున్నాను నాన్నా. అనుకోగానే కడుపులో చల్లగా అయింది, మజ్జిగ తాగినట్టు."

"నొప్పేం లేదు కదే?" అంది తల్లి కుసుమ. ఆమె మందుల షాపులో పనిచేస్తుంది. ఏ మందు పేరు విన్నా ముందు దానివల్ల వచ్చే బాధలే గుర్తొస్తాయి.

"లేదమ్మా. బావుంది."

తొమ్మిదో రోజుకి ధృతి, నూకేష్, మిగతావాళ్లూ ఒక్క చూపుతో చెప్పెయ్యడం మొదలుపెట్టారు. భానోజీ బోర్డు మీద రాజునీ ఏనుగునీ బంట్లనీ ఇష్టమొచ్చినట్టు పెట్టేవాడు. పావు మీంచి అతని చెయ్యి లేవకముందే "తెలుపు గెలుస్తుంది" అనేవారు, కంప్యూటర్లో చూస్తే అదే. అతను నలభయ్యేళ్లుగా ఆడుతూ కూడా చూడలేనిది పదేళ్ల పిల్లలకి కనబడుతోంది. గర్వంగానే అనిపించింది. ఎవరికీ చెప్పుకోలేదుగానీ, కొంచెం అసూయ కూడా.

నెల తిరిగాక విజయనగరంలో పిల్లల పోటీకి తీసుకెళ్లాడు. పదకొండుమందిలో ఎనిమిదిమంది బహుమతులు తెచ్చారు. పేపర్లో ఫోటో పడింది. ఆ ఫోటోలో లేని సంగతొకటి భానోజీ కళ్లారా చూశాడు. ఆఖరి రౌండులో నూకేష్ ఆట బాగా సన్నగిల్లి నాలుగు పావులకి వచ్చింది. ఎదుట కూర్చున్నది కొత్తగా నేర్చుకుంటున్న పిల్లాడు. నూకేష్ బోర్డుకేసి ఒక్కసారి చూశాడు, చెయ్యి చాచి, "ఓడిపోయాను," అన్నాడు. ఎదుటి పిల్లాడు నమ్మలేక అంపైరుకేసి చూశాడు.

"ఎందుకురా వదిలేశావ్? వాడికి అది గెలవడం వచ్చో రాదో," అన్నాడు భానోజీ బయటికొచ్చాక.

"ఓడిన స్థితి కదా సార్," అన్నాడు నూకేష్. వాడి ముఖంలో దిగులేమీ లేదు.

ఇంట్లో కుసుమ ముందే కనిపెట్టింది. ఒక సాయంత్రం పొయ్యి మీద పాలు పెట్టి, చూస్తుండమని ధృతికి చెప్పి, పెరట్లో బట్టలు తియ్యడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి పాలన్నీ పొంగి స్టవ్ ఆరిపోయి ఉంది. గ్యాసు వాసన. ధృతి రెండడుగుల దూరంలో నిలబడి చూస్తోంది.

"కట్టెయ్యొచ్చు కదే!"

"నేను చూసేసరికే అంచుదాకా వచ్చేశాయి. కట్టేలోపు పొంగిపోతాయని తెలుస్తోంది కదమ్మా."

"పొంగితే మాత్రం, కట్టరా?"

ఆ ప్రశ్న ధృతికి అర్థం కాలేదు.

తర్వాత లెక్కల పరీక్షలో పేపరు మొత్తం ఒకసారి చదివి, వచ్చిన నాలుగు ప్రశ్నలూ రాసి, అరగంటలో బయటికి వచ్చేసింది. రెండేళ్లుగా సైకిలు కొనమని పేచీ పెట్టేది, ఆ పేచీ మానేసింది. కుసుమ ఒకరోజు భర్త ఎదుట కూర్చుంది.

"ఏవండీ, ఇది ఏడవడం లేదు. మీరు చూశారా? మోకాలు చెక్కుకుపోయినా ఏడవడం లేదు. నాకు భయంగా ఉంది. ఆపించెయ్యండి."

భానోజీ వారిజకి చెప్పాడు. ఆమె నవ్వలేదు, కొట్టిపారెయ్యలేదు. చాలాసేపు నోట్సు రాసుకుంది. "ఇంకో రెండు వారాలుంటే మొదటి దశ పూర్తవుతుంది మాస్టారూ. మధ్యలో ఆపితే ఏం జరిగిందో తెలుసుకునే దారి కూడా ఉండదు," అంది.

సరేనన్నాడు. ఆ సరే అన్న రోజు గురించి ఆ తర్వాత అతను ఎన్నోసార్లు ఆలోచించాడు. రాష్ట్ర పోటీలు మూడు వారాల్లో ఉన్నాయి. పేపరువాళ్లు మళ్లీ వస్తామన్నారు. వాటికోసమే సరేనన్నానా అని తనను తాను అడుక్కున్నాడు. కాదని చెప్పుకోలేకపోయాడు.

పది రోజుల తర్వాత, ఒక ఆదివారం ఉదయం, తండ్రి పడవ పక్కన ఈదుతూ నూకేష్ చనిపోయాడు.

భానోజీ వెళ్లేసరికి పేటంతా ఆ ఇంటి ముందే ఉంది. ఎల్లాజీ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మాస్టార్ని చూడగానే చెప్పడం మొదలుపెట్టాడు.

"సముద్రం లాగుడు గట్టిగా ఉంది సారూ. పడవకి దూరమైపోనాడు. తాడు ఇసిరాను. ఆడి సెయ్యికి జానెడు దూరంలో పడింది. ఆడు తాడుకేసి సూశాడు, నాకేసి సూశాడు. సెయ్యి సాపలేదు సారూ. ఊరికే ఆగిపోనాడు. నేను దూకి ఈదుకెళ్లేసరికి..." అతను అరచేతుల్ని చూసుకున్నాడు. "ఆడికి ఈత రాదా సారూ? నాలుగేళ్లప్పుడే నేర్పినోణ్ణి. మరెందుకు ఆగిపోనాడో నాకు తెలీట్లేదు."

భానోజీకి తెలుసు.

అతను ఎల్లాజీ పక్కన నేల మీద కూర్చున్నాడు. పట్టీ గురించి, హాయి గురించి, పాల గురించి, ఇంకో రెండు వారాలకి తను సరేనన్న సంగతి గురించి అంతా చెప్పాడు. "తప్పు నాది ఎల్లాజీ," అన్నాడు.

ఎల్లాజీ విన్నాడు. ఎంత అర్థమైందో తెలీదు. జేబులోంచి మడతపెట్టిన పేపరు ముక్క తీశాడు. విజయనగరం ఫోటో.

"మీరేటి సేశారు సారూ? మీ కాడికొచ్చాకే గదా ఆడు పేపర్లో పడ్డాడు," అన్నాడు.

తిట్టి ఉంటే, కొట్టి ఉంటే భానోజీ తట్టుకునేవాడేమో. ఆ మాటకి లేచి వీధిలోకి వచ్చేశాడు.

మర్నాడు వారిజ పట్టీలన్నీ వెనక్కి తీసేసుకుంది. ప్రయోగం ఆగిపోయింది. ఆమే పై అధికారులకి అంతా రాసి ఇచ్చింది, విచారణకి ఆమే మొదట నిలబడింది. భానోజీ ఆమె గదికి వెళ్లినప్పుడు తెర మీద ధృతి మెదడు బొమ్మ ఉంది.

"ఇక్కడ చూడండి మాస్టారూ. ఏ పని ఎదురైనా, ఇది అయ్యేదా కాదా అని బేరీజు వేసేది ఈ చోటే. మనందరికీ ఉంటుంది. దాని గొంతు సన్నంగా ఉంటుంది కాబట్టి మనం వినీ విననట్టు పని చేసుకుపోతాం. వీళ్లలో దాని గొంతు మనం పెంచేశాం. ఓడిన స్థితిని ఓడిందని చెప్పినప్పుడల్లా హాయి ఇచ్చాం. నేను గెలుపు నేర్పుతున్నాననుకున్నాను. వాళ్లు నేర్చుకున్నది ఆగిపోవడం."

"సముద్రం గురించి దానికేం తెలుసు వారిజా? అది నేర్చింది ఏడు పావులే కదా?"

"ఏమీ తెలీదు. తెలీకుండానే తీర్పు చెప్తుంది. బోర్డు మీద ఎంత గట్టిగా చెప్తుందో అంత గట్టిగానూ. తప్పని వాళ్లకి అనిపించదు."

"తీసెయ్యలేవా?"

"ఈత నేర్చుకున్నవాడు మళ్లీ ఈత మర్చి..." అని ఆగిపోయింది. తెర ఆపేసి, చేతుల్లో ముఖం దాచుకుంది.

అయినా ప్రయత్నించింది. పట్టీని తిరగేసి, తప్పు చెప్పినప్పుడు హాయి ఇచ్చేలా మార్చి, భానోజీ కుసుమల ఎదుటే ధృతికి పెట్టింది. మూడో రోజుకి పిల్ల అన్నం నిలుపుకోలేకపోయింది. అంతటితో అదీ ఆపేశారు.

ఆ తర్వాత ఇల్లు మారిపోయింది. కుసుమ ఉద్యోగం మానేసింది. ధృతిని రోడ్డు దగ్గర, పొయ్యి దగ్గర, నీళ్ల దగ్గర ఒంటరిగా వదిలేది కాదు. ఒకరోజు బడి నుంచి వచ్చి మూడు గంటలపాటు మంచం మీద కదలకుండా పడుకుంది ధృతి. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. నూట మూడు.

"చెప్పలేదేం తల్లీ?"

"చెప్తే ఏమవుతుంది అమ్మా?"

కుసుమ దానికి తప్పకుండా పూర్తయ్యే పనులే ఇచ్చేది. బట్టలు మడతపెట్టడం, బఠానీలు ఒలవడం, సీసాల్లో పప్పులు పొయ్యడం. అవి ధృతి చక్కగా, పూర్తిగా చేసేది. మడతలు ఎంత నీటుగా ఉండేవంటే, వాటిని బీరువాలో పెడుతూ కుసుమ ఏడ్చేది.

భానోజీకి తెలిసిన మందు ఒక్కటే. రోజూ సాయంత్రం కూతుర్ని గదికి తీసుకెళ్లి బోర్డు ముందు కూర్చోబెట్టేవాడు. ఓడిన స్థితుల్లో ఆడించాలి, ఒక్కసారైనా ఓడినది నిలబడడం దాని కళ్లతో చూపించాలి, అదీ అతని ఆశ. తనే చెడ్డ ఎత్తులు వేసేవాడు.

"నువ్వు కావాలని వేశావు నాన్నా," అనేది ధృతి మెల్లగా. తండ్రిని నొప్పించకూడదన్నట్టు.

నిజంగా తెలియనివాళ్లు కావాలి. అటువంటి పిల్ల ఆ నెలలో చేరింది. పేరు పూర్ణిమ, ఆరేళ్లు, పళ్లూడిన నోరు. కొత్తగా ఎవరికీ నేర్పనని భానోజీ ఒట్టు పెట్టుకున్నాడు. దాని తాతగారు బతిమాలితే కాదనలేకపోయాడు. తన అవసరం కూడా అందులో ఉందని అతనికి తెలుసు. రాజుతో, మంత్రితో ఒంటరి రాజుని కట్టెయ్యడం పూర్ణిమకి వారం నుంచి చెబుతున్నాడు. ఇంకా పట్టుబడలేదు.

ఒక శనివారం ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. పూర్ణిమకి రాజు, మంత్రి. ధృతికి ఒంటరి రాజు.

"ధృతీ, పాప నేర్చుకోవాలి. నువ్వు ఊరికే రాజుని కదుపుతుండు. ఇంకేం వద్దు," అన్నాడు.

ధృతి రాజుని ఒక గడి జరిపింది. పూర్ణిమ చాలాసేపు ఆలోచించి, మంత్రిని బోర్డు ఈ కొస నుంచి ఆ కొసకి తీసుకెళ్లి "చెక్!" అంది. పనికిరాని చెక్. ధృతి ఇంకో గడి జరిపింది. మళ్లీ చెక్. మూడోసారి కూడా జరిపింది. ధృతి వేళ్లు నాలుగోసారి రాజు మీదకి వెళ్లాయి, తల మీద ఆగాయి. రాజుని మెల్లగా పడుకోబెట్టింది.

"ఒక్క ఎత్తు తల్లీ. ఇంకొక్కటి."

"ఓడిన స్థితి నాన్నా."

లేచి, కుర్చీని బల్ల కిందికి సరిగ్గా తోసి, గుమ్మం దగ్గరికెళ్లి నిలబడింది.

పూర్ణిమ పడుకున్న రాజుకేసి, గుమ్మంకేసి, మాస్టారికేసి చూసింది.

"అక్క ఎందుకు లేచిపోయింది సార్? నాకింకా గెలవడం రాదు."

భానోజీ కుర్చీ మళ్లీ బయటికి లాగి, కూతురు కూర్చున్న చోట తను కూర్చున్నాడు. రాజుని నిలబెట్టాడు. "ఆడమ్మా, నేను ఆడతాను," అన్నాడు.

ఈసారి ఒక్క చెడ్డ ఎత్తు కూడా కావాలని వెయ్యలేదు. మధ్యగళ్లలో ఉండగలిగినంతసేపు ఉన్నాడు. పూర్ణిమ మంత్రి వెంటాడుతూ, దారితప్పుతూ, మళ్లీ వెంటాడుతూ వచ్చింది. ముప్ఫై ఎత్తులు దాటాయి. చివరికి రాజు మూలకి చేరాడు. పూర్ణిమ సంతోషం పట్టలేక మంత్రిని దగ్గరకంటా తెచ్చి, గుర్రం దూకేంత దూరంలో ధడాలున పెట్టింది. రాజుకి చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. డ్రా.

"ధృతీ!" అన్నాడు భానోజీ. "చూడమ్మా, నువ్వు వదిలేసిన చోటి నుంచే ఆడాను. డ్రా అయింది. పాపకి తెలీలేదు. నిజంగానే తెలీలేదు."

ధృతి వచ్చి బోర్డు చూసింది. మూలనున్న రాజునీ మంత్రినీ జాగ్రత్తగా చూసింది. అతను దాని ముఖం తప్ప ఇంకేమీ చూడలేదు.

"అవును, డ్రా," అంది. "నీది డ్రా నాన్నా. నేను ఓడిపోయాను."

ఆ మాటలో బాధ లేదు. తమ వీధికి ఏ బస్సు వెళ్తుందో చెప్పినట్టు చెప్పి, మెట్ల దగ్గర చెప్పులు తొడుక్కోవడానికి వెళ్లింది. పూర్ణిమ పావులు మళ్లీ పేరుస్తోంది. భానోజీ తన రాజుని మూల నుంచి తీసి మళ్లీ మధ్య గడిలో నిలబెట్టాడు.